రేకుల కప్పు, రేకుల గోడ: తరచుగా అడిగే ప్రశ్నలు

మేడ మీద నీడ కోసం వేసే చిన్న షెడ్డు మొదలుకొని మిల్లు గోదాము దాకా ఇప్పుడు ఎక్కడ చూసినా రంగు రేకులే. వేయించుకునేవారు ముందు రంగు అడుగుతారు, ఆ తరువాత ధర అడుగుతారు. కప్పు కారడానికీ, గాలికి లేచిపోవడానికీ ఈ రెండింటితో సంబంధం చాలా తక్కువ. అందుకని ఈ జవాబుల్లో ఉక్కు మందం, వాలు, స్క్రూలు, అంచుల గురించే ఎక్కువ ఉంటుంది.

రేకుకు ఆ రిబ్బులు (ఎత్తుగా లేచిన మడతలు) ఎందుకు? అందం కోసమా?

బలం కోసం. అర మిల్లీమీటరు ఉక్కు పలకను చదునుగా రెండు పర్లిన్ల (కప్పు రేకును మోసే అడ్డ కమ్మీల) మీద పరిస్తే తన బరువుకే కుంగుతుంది. దాన్నే మడతలు మడతలుగా వంచితే మనిషి నడిచినా మోస్తుంది. మడత ఎంత ఎత్తుంటే బిగువు అంత ఎక్కువ. 1829లో లండన్ రేవుల్లో పనిచేసిన ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్ అలలు తేలిన ఇనుప రేకుకు పేటెంటు తీసుకున్నది ఈ కిటుకు మీదే. మన పాత రైసు మిల్లుల మీద కనిపించే అలల రేకు ఆ వంశానిదే. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయేది ట్రెపిజాయిడల్ రేకు, అంటే రిబ్బుల పక్కలు వాలుగా, తల చదునుగా ఉండేది. అందులో రిబ్బుల మధ్య పల్లం వెడల్పుగా, చదునుగా ఉంటుంది. రిబ్బు ఎత్తు సాధారణంగా 28 నుంచి 30 మి.మీ. వరకు వస్తుంది.

రేకు చూసేటప్పుడు ఈ ఎత్తును కొలవండి. తక్కువ ధరకు వచ్చే కొన్ని రేకుల్లో రిబ్బు 18, 20 మి.మీ. కంటే ఎక్కువ ఉండదు. గోడకు అది చాలు. కప్పుకు వద్దు.

షాపులో జీఐ అంటారు, గాల్వాల్యూమ్ అంటారు, కలర్ కోటెడ్ అంటారు. తేడా ఏమిటి?

లోపల ఉన్నది అన్నింట్లోనూ ఉక్కే. తేడా పైపూతలో ఉంది. జీఐ అంటే జింక్ పూత. గాల్వాల్యూమ్ అనే వాడుక పేరుతో వచ్చేది అల్యూమినియం, జింక్ కలిసిన పూత. బరువును బట్టి చూస్తే అందులో 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింక్, 1.6 శాతం సిలికాన్ ఉంటాయి. ఈ రెండు పూతల్లో ఏదో ఒకదాని మీద రంగు కాల్చి పట్టిస్తే అది కలర్ కోటెడ్ రేకు. కాబట్టి ‘కలర్ కోటెడ్’ అని మాత్రమే చెబితే అడిగిన ప్రశ్నకు సగం జవాబే వచ్చినట్టు. రంగు కింద ఏ పూత ఉంది, ఎంత ఉంది అని కూడా అడగాలి.

పూతను చదరపు మీటరుకు గ్రాముల్లో, రేకు రెండు వైపులా కలిపి లెక్కిస్తారు. ఏజెడ్ 150 అంటే అల్యూమినియం-జింక్ పూత రెండు వైపులా కలిపి 150 గ్రాములు. జీఐలో 120 గ్రాములదీ ఉంటుంది, 275 గ్రాములదీ ఉంటుంది. చూపుకు రెండూ ఒకేలా మెరుస్తాయి. తేడా బయటపడేది పదేళ్ల తరువాతే. అందుకే అంకెను నోటిమాటగా వదలకుండా బిల్లు మీద రాయించుకోవాలి.

మందం ఎంత తీసుకోవాలి?

నివాసానికి, గోదాముకు కప్పు మీద 0.50 మి.మీ. కంటే తగ్గవద్దు. గోడకు 0.45 సరిపోతుంది. బైకులకు నీడ, కట్టెల కొట్టం వంటి వాటికి పర్లిన్లు దగ్గరగా వేస్తే 0.40 కూడా నడుస్తుంది. 0.35 కంటే కింద ఉన్న రేకు మీద మరమ్మతు కోసం మనిషి ఎక్కితే రిబ్బులు నొక్కుకుపోతాయి. నొక్కుకున్న చోట నీరు నిలుస్తుంది.

అసలు గజిబిజి ఇక్కడే ఉంది. 0.50 అని చెప్పే అంకె పూతలు, రంగు కలిపిన మొత్తం మందం కావచ్చు. ఉక్కు మందం మాత్రమే కావచ్చు కూడా. మొత్తం 0.50 అయితే పూతలు పోగా ఉక్కు 0.43 నుంచి 0.45 వరకు మిగులుతుంది. బరువు మోసేది ఉక్కే, రంగు కాదు. ఇద్దరు వ్యాపారుల ధరలు పోల్చేటప్పుడు ఒకరు మొత్తం మందం, మరొకరు ఉక్కు మందం చెబుతుంటే ఆ పోలికకు అర్థం లేదు. ‘ఉక్కు మందం ఎంత, పూత ఎంత, మొత్తం ఎంత’ అని మూడూ విడివిడిగా అడగండి. తడబడకుండా జవాబు చెప్పే షాపును సగం నమ్మవచ్చు.

మందంతో పాటు ఉక్కు బిగువు కూడా చూడాలి. కప్పు రేకుల్లో 550 మెగాపాస్కల్ (ఉక్కు బలాన్ని కొలిచే ప్రమాణం) బలం గలవి, దాదాపు 300 బలం గలవి ఉంటాయి. ఒకే మందంలో మొదటిది నొక్కులు పడకుండా ఎక్కువ ఓర్చుకుంటుంది. అయితే సైటులో వంచి మడతలు పెట్టాల్సిన ఫ్లాషింగ్ ముక్కలకు (అంచులను, అతుకులను నీరు దూరకుండా కప్పే రేకు ముక్కలకు) మెత్తని ఉక్కే నయం. గట్టిది మడత దగ్గర పగలవచ్చు.

చెప్పిన మందమే ఇచ్చారని ఎలా తేల్చుకోవాలి?

కాటా మీద. ఉక్కు సాంద్రత మారదు కాబట్టి బరువు అబద్ధం చెప్పదు. మూడున్నర అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు గల రేకు మొత్తం మందం 0.50 మి.మీ. అయితే 13 నుంచి 14 కిలోలు తూగుతుంది. 0.40 అయితే 10, 11 కిలోల దగ్గర ఆగుతుంది. రేకులు దింపే రోజు లారీని దగ్గర్లోని వేబ్రిడ్జి మీద నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూయించి రేకుల లెక్కతో భాగిస్తే అరగంటలో నిజం తేలిపోతుంది.

రెండో దారి ఇంటర్ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో అందరూ చేత్తో పట్టుకున్న స్క్రూ గేజి. రేకు అంచుకు కొంచెం లోపల, పల్లం చదునుగా ఉన్నచోట మూడు నాలుగు కొలతలు తీయండి. ఇక రేకు వెనుక వైపు పేరున్న కంపెనీలు పేరు, మందం, పూత, బ్యాచి వివరాలు వరుసగా ముద్రిస్తాయి. ముద్ర లేని రేకును పెద్ద కంపెనీ పేరుతో అమ్ముతుంటే వెనక్కి పంపండి. ముద్ర ఉన్నా కాటా మానవద్దు.

ఏ రంగు మంచిది?

తెలుపు, లేత బూడిద, లేత గోధుమ. ముదురు రంగు రేకు మే నెల మధ్యాహ్నం 70 డిగ్రీల దాకా కాగగలదు. తెల్లది ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చినప్పుడు నడిపించిన తర్కం కూడా ఇదే. ముదురు నీలం, ఇటుక ఎరుపు రేకులు వీధిలోంచి బాగా కనిపిస్తాయి. కానీ కప్పు కింద కూర్చునేవారు వీధిలోంచి చూడరు కదా. పైగా ముదురు రంగు వెలిసినప్పుడు ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రంగులోనూ తరగతులు ఉన్నాయి. మామూలుగా వచ్చేది పాలిస్టర్ రంగు. దానికంటే మెరుగైనది సిలికాన్ కలిపిన పాలిస్టర్. అన్నింటికంటే ఎక్కువ కాలం వెలవకుండా ఉండేది పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ రకపు రంగు. పీవీడీఎఫ్ ఖర్చు పెద్ద సంస్థల భవనాలకు తగినది. మామూలు షెడ్డుకు ఆ డబ్బును ఉక్కు మందంలో పెట్టడమే తెలివి.

వాలు ఎంత ఉండాలి?

పది అడుగులకు ఒక అడుగుకు తగ్గవద్దు. అది దాదాపు ఆరు డిగ్రీలు. వానలు బాగా పడే కోస్తాలో, లేదా నిలువునా రెండు రేకులు అతకాల్సి వచ్చినప్పుడు పదికి ఒకటిన్నర, రెండు అడుగులు పెట్టండి. మేడ మీద షెడ్డు వేసేవారు ఎత్తు పెరుగుతుందని వాలు కోసేస్తుంటారు. ఆ తరువాత ప్రతి వానాకాలం తారు, సిలికాన్ కొంటూ ఉంటారు.

నిలువు అతుకు లేకుండా చూరు నుంచి రిడ్జి (కప్పు నడినెత్తి) దాకా ఒకే రేకు వచ్చేలా కొలత ఇచ్చి కోయించుకోవడం అన్నింటికంటే మేలు. తప్పనిసరిగా అతకాల్సి వస్తే పైరేకు కింది రేకు మీదకు కనీసం 150 మి.మీ. రావాలి. వాలు తక్కువైతే 200 పెట్టి, మధ్యలో బ్యూటైల్ టేపు (నీరు దిగకుండా అతుక్కునే రబ్బరు పట్టీ) వేయాలి. అతుకు కచ్చితంగా పర్లిన్ మీదే పడాలి.

పర్లిన్ల మధ్య దూరం ఎంత?

0.50 రేకుకు నాలుగు అడుగులు నిశ్చింత. ఐదు అడుగుల దాకా వెళ్లేవారు ఉన్నారు. 0.40కి మూడు అడుగులు దాటవద్దు. చూరు దగ్గర మొదటి రెండు పర్లిన్లు, రిడ్జి దగ్గర చివరి రెండు పర్లిన్లు మిగతావాటికంటే దగ్గరగా వేయించండి. గాలి పట్టు అక్కడే ఎక్కువ. పర్లిన్ల పైభాగాలు ఒకే తలంలో ఉన్నాయో లేదో రేకు ఎక్కించకముందే దారం పట్టి చూడాలి. ఒక పర్లిన్ అర అంగుళం పైకి లేచినా రేకు అక్కడ ఉబ్బుతుంది, స్క్రూ వాషరు ఒక వైపే నొక్కుకుంటుంది.

వెల్డింగ్ అతుకులకు తుప్పు పట్టకుండా వేసే రెడాక్సైడు, దాని మీద పెయింటు రేకు ఎక్కకముందే పడాలి. ఆ తరువాత ఆ చోటుకు బ్రష్షు చేరదు.

స్క్రూ రిబ్బు మీద కొట్టాలా, పల్లంలోనా?

పనివారు ఒకరితో ఒకరు తెగక వాదించుకునే ప్రశ్న ఇది. రెండు పద్ధతులూ ప్రపంచంలో ఉన్నాయి. మన వానలకు, మన పనితనానికి కప్పు మీద రిబ్బు మీదే కొట్టించడం మేలు. పల్లంలో నీరు పారుతుంది. అక్కడ వాషరు కొంచెం దెబ్బతిన్నా ప్రతి వానకూ చుక్క దిగుతుంది. రిబ్బు తల మీద నీరు నిలవదు. గోడకు మాత్రం పల్లంలోనే కొట్టాలి. నిలువు గోడ మీద నీరు నిలిచే ప్రశ్నే లేదు. రేకు గర్డరుకు (గోడ రేకును పట్టే అడ్డ కమ్మీకి) ఆనుకొని గట్టిగా పట్టుకుంటుంది.

రిబ్బు మీద కొట్టేటప్పుడు స్క్రూ పొడవు చాలాలి. 28, 30 మి.మీ. రిబ్బు దాటి పర్లిన్‌లో దిగాలంటే 55 మి.మీ. స్క్రూ కావాలి. గోడ పల్లానికి 20, 25 మి.మీ. చాలు. డ్రిల్లు అదనంగా నొక్కితే రిబ్బు కిందికి అణిగిపోతుంది, స్క్రూ చుట్టూ చిన్న గుంట పడి నీటిని పట్టి ఉంచుతుంది. వాషరు లోహపు అంచు నుంచి నల్లని రబ్బరు సన్నగా, సమానంగా కనిపించేంతవరకే బిగించాలి. రబ్బరు బయటికి పొంగిపోతే ఎక్కువైనట్టు, వాషరును వేలితో తిప్పగలిగితే తక్కువైనట్టు. రబ్బరు ఈపీడీఎం రకం, అంటే ఎండకు తట్టుకునే కృత్రిమ రబ్బరు కావాలి. మామూలు రబ్బరు మన ఎండకు రెండు మూడేళ్లలో పగుళ్లు తేలుతుంది.

స్క్రూ పర్లిన్‌లో పడకుండా గాలిలో తిరిగిపోయిన రంధ్రాలు ప్రతి కప్పు మీదా కొన్ని ఉంటాయి. పనివారు వాటి మీద సీలెంటు చుక్క పెట్టి వదిలేస్తారు. అలా వదలనివ్వకండి. అక్కడ లావు స్క్రూ వేయించండి, లేదా రివెట్టు కొట్టించి సీలు చేయించండి.

రేకులు ఎటువైపు నుంచి పరచడం మొదలుపెట్టాలి?

వాన గాలి వచ్చే దిక్కుకు ఎదురు చివర నుంచి. అప్పుడు పక్క అతుకుల తెరిచిన అంచు గాలికి వీపు తిప్పి ఉంటుంది. తెలంగాణ, రాయలసీమల్లో నైరుతి గాలి పడమటి నుంచి వస్తుంది కాబట్టి తూర్పు చివర నుంచి మొదలుపెట్టి పడమటికి సాగాలి. నెల్లూరు, ప్రకాశం తీరంలో పెద్ద వాన అక్టోబరు తరువాత తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. అక్కడ దీన్ని తిరగేయాలి. ఏ ఊరిలోనైనా అక్కడి రైతును అడిగితే వాన ఎటునుంచి కొడుతుందో ఒక్క మాటలో చెబుతాడు.

మొదటి రేకు చూరుకు సరిగ్గా లంబంగా కూర్చోవాలి. అక్కడ అర అంగుళం వంకర పోతే పదమూడో రేకు దగ్గరకు వచ్చేసరికి చూరు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు గల షెడ్డుకు ఎన్ని రేకులు పడతాయి?

రెండు వైపులా వాలు ఉందనుకుందాం. ఒక వైపు వెడల్పు 15 అడుగులు. చూరు ఒకటిన్నర అడుగు బయటికి రావాలి. వాలు పది డిగ్రీలు అయితే రేకు పొడవు దాదాపు 17 అడుగులు అవుతుంది. పొడవు వైపు రెండు చివర్లా ఒక్కో అడుగు కలిపితే 42 అడుగులు, అంటే 12.8 మీటర్లు. మూడున్నర అడుగుల రేకు పక్క అతుకు పోగా కప్పేది దాదాపు ఒక మీటరే. కాబట్టి ఒక వైపు 13, రెండు వైపులా 26 రేకులు.

డబ్బు కట్టేది 26 రేకులు, 17 అడుగులు, మూడున్నర అడుగులు గుణించిన 1,547 చదరపు అడుగులకు. నేల మాత్రం 1,200. ‘చదరపు అడుగుకు ఇంత’ అని కాంట్రాక్టరు చెప్పినప్పుడు అది నేల లెక్కా, రేకు లెక్కా అని అడగకపోతే చివర్లో గొడవ తప్పదు. స్క్రూలు నాలుగు అడుగుల పర్లిన్ లెక్కన, పక్క అతుకులవీ కలిపి 700 వరకు తీసుకోండి. రిడ్జి, పక్క ఫ్లాషింగులు, గట్టరు (చూరు వెంట వాన నీటిని పట్టే కాలువ) వేరే లెక్క. కొటేషన్‌లో ఎక్కువగా దాక్కునేవి ఇవే.

గాలికి లేచిపోకుండా పైన ఇటుకలు, ఇసుక మూటలు పెడితే సరిపోదా?

సరిపోదు. లెక్క చూడండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మౌలిక గాలి వేగం విశాఖపట్నానికీ విజయవాడకూ సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44, కర్నూలుకు 39. యాభై మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి గాలి పీడనం చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుతో సమానం. రేకు బరువు చదరపు మీటరుకు నాలుగు కిలోలు. దాని మీద నాలుగు ఇటుకలు పెట్టినా గాలికి లెక్కే కాదు. పైగా రేకు లేచిన క్షణంలో ఆ ఇటుకలే పక్కింటి మీద పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు రేకులు కాగితాల్లా ఎగరడం ఆ నగరం మొత్తం చూసింది.

గాలి కప్పును కిందికి నొక్కడం కంటే పైకి పీల్చడమే ఎక్కువ. చూరు అంచులు, రిడ్జి, నాలుగు మూలల దగ్గర ఆ పీల్పు మధ్య భాగం కంటే బాగా ఎక్కువ ఉంటుంది. కాబట్టి ఆ చోట్ల ప్రతి రిబ్బుకూ ఒక స్క్రూ పడాలి. మధ్యలో ఒక రిబ్బు విడిచి ఒక రిబ్బుకు వేసినా నడుస్తుంది. నాలుగు వైపులా తెరిచి ఉన్న మేడ షెడ్డుకు మరో ప్రమాదం ఉంది. గాలి కింద దూరి పైకి నెడుతుంది, పైన పోయే గాలి పీలుస్తుంది, రెండూ కలుస్తాయి.

రేకు పర్లిన్‌ను పట్టుకుంటే చాలదు. పర్లిన్ ట్రస్సును (పర్లిన్లను మోసే ముక్కోణపు చట్రాన్ని), ట్రస్సు స్తంభాన్ని, స్తంభం పునాదిని పట్టుకోవాలి. మేడ మీద స్తంభాలను పిట్టగోడ ఇటుకలో పాతడం చాలాచోట్ల కనిపిస్తుంది. అది ఆధారం కాదు. స్తంభం కింద బేస్ ప్లేటు పెట్టి, కింది అంతస్తు పిల్లరు లేదా బీము ఉన్నచోట కాంక్రీటులో యాంకరు బోల్టులతో బిగించాలి. తీరానికి 60 కిలోమీటర్ల లోపు ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరు గీసిన డ్రాయింగు లేకుండా పెద్ద షెడ్డు మొదలుపెట్టవద్దు. తుపాను ప్రాంతాల కోసం ఐఎస్ 875 ప్రమాణం 2015 సవరణలో పరిశ్రమల షెడ్లకు గాలి వేగాన్ని 1.15 రెట్లు చేసి లెక్కించమంటుంది.

రొయ్యల చెరువు దగ్గర, కోళ్ల షెడ్డు మీద ఏ రేకు వేయాలి?

ఉప్పు గాలి, అమ్మోనియా ఆవిరి రెండూ రేకుకు శత్రువులే, కానీ వాటి దారులు వేరు. ఉప్పు బయటినుంచి తింటుంది, అమ్మోనియా లోపలినుంచి. పశువుల కొట్టం, మూసి ఉన్న కోళ్ల షెడ్డులో గాల్వాల్యూమ్ పూత త్వరగా దెబ్బతింటుంది. ఇలాంటి వాడుకకు చాలా కంపెనీలు వారంటీయే ఇవ్వవు. పక్కలు తెరిచి ఉన్న షెడ్డులో గాలి ఆడుతుంది కాబట్టి కొంత నయం. అయినా రేకు వెనుక వైపు కూడా మందంగా రంగు ఉన్నది ఎంచుకోవాలి. సాధారణంగా వెనుక రంగు ముందు దానిలో సగం కూడా ఉండదు.

తీరంలో అల్యూమినియం రేకు ఖరీదైనా నిలుస్తుంది. ఉక్కు రేకే అయితే ఏజెడ్ 150కి తగ్గవద్దు. తుప్పు పట్టదు కదా అని గాల్వాల్యూమ్ రేకుకు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేస్తే ఉప్పు తేమలో రెండు లోహాలకూ పడదు, స్క్రూ బాగానే ఉండి చుట్టూ ఉన్న రేకు పోతుంది. మందమైన పూత గల ఉక్కు స్క్రూలే సరైనవి. వాన తగిలే కప్పు కంటే వాన తగలని చూరు కింది గోడ రేకు ముందు తుప్పు పడుతుంది. వాన ఉప్పును కడిగేస్తుంది, చూరు కింద కడిగేవారు ఉండరు. ఆ భాగాన్ని ఏడాదికి రెండు మూడుసార్లు మంచినీటితో పైపు పెట్టి కడగండి.

గోడలకు రేకు వేయడంలో ప్రత్యేకంగా చూడాల్సినది ఏమిటి?

కింది అంచు. గోడ రేకును నేలలోకి దింపితే, లేదా అంచు వరకు సిమెంటు పూస్తే, ఐదారేళ్లలో కింది అడుగు భాగం పొడిగా రాలిపోతుంది. పచ్చి సిమెంటు క్షారం ఈ పూతలను తినేస్తుంది, తడి మన్ను మిగతా పని పూర్తి చేస్తుంది. అందుకే మూడు అడుగులైనా ఇటుక గోడ కట్టి దాని మీదనుంచి రేకు మొదలుపెట్టాలి. ఇటుక వద్దనుకుంటే కాంక్రీటు అరుగు మీద కనీసం రెండు అంగుళాలు ఖాళీ వదిలి, కింద వాలుగా వంచిన ఫ్లాషింగు పెట్టాలి. ఎలుకలు, పాములు దూరకుండా ఆ ఖాళీకి జాలీ. ఇటుక గోడ ఉంటే పశువు పొడిచినా, ట్రాలీ వెనక్కి వచ్చి తగిలినా రేకు సొట్ట పడదు. గోదాముల్లో ఈ గోడను పది అడుగుల దాకా లేపడం అందుకే.

రిబ్బులు నిలువుగా వేస్తే వాన నీరు నేరుగా దిగుతుంది, దుమ్ము నిలవదు. అడ్డంగా వేస్తే వీధి వైపు ముఖభాగం అందంగా కనిపిస్తుంది, షోరూములు ఈ పద్ధతిని ఇష్టపడతాయి. కానీ అప్పుడు ప్రతి రిబ్బు మీదా దుమ్ము గీత కడుతుంది, తొలి వానకు అది చారలుగా కారుతుంది. అడ్డంగా వేసేటప్పుడు పై రేకు కింది రేకు మీదకు రావాలి. ఇది చెప్పాల్సిన మాట కాదనిపిస్తుంది. తలకిందులుగా వేసిన గోడలు చాలానే ఉన్నాయి కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

కిటికీ, తలుపు, ఎగ్జాస్ట్ ఫ్యాను రంధ్రాల పైన ఫ్లాషింగు రేకు వెనుకకు దూరాలి. రేకు మీదకు అతికించి సీలెంటు పూస్తే సీలెంటు ఉన్నంతకాలమే రక్షణ. రంధ్రాల కొలతలు గర్డర్లు వేసేటప్పుడే ఖాయం చేసుకోండి. రేకు ఎక్కాక కోసిన కిటికీ చుట్టూ పట్టు ఉండదు.

వేసవిలో కింద ఉండలేకపోతున్నాం. వాన చప్పుడుకు ఫోను మాట కూడా వినబడదు. ఏం చేయాలి?

రెండింటికీ మందు ఒకటే, రేకు కింద ఇన్సులేషన్. రేకు ఎక్కించే ముందే పర్లిన్ల మీద జాలీ పరిచి, దాని మీద 50 మి.మీ. గాజు ఊలు వేస్తే ఎండా తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. మెరిసే బబుల్ షీటు చవక, తేలిక. కానీ దాని మెరుపు వైపు ఒక అంగుళమైనా గాలి ఖాళీ ఉండాలి. రేకుకు అంటించి బిగిస్తే డబ్బు దండగ. చప్పుడుకు అది పెద్దగా ఉపయోగపడదు. మనుషులు పగలంతా ఉండే చోటు, ఏసీ పెట్టే గది అయితే రెండు రేకుల మధ్య నురుగు నింపిన పఫ్ ప్యానెల్ వేసుకోవడం నయం. ముందు ఖర్చు ఎక్కువే, కరెంటు బిల్లులో తిరిగి వస్తుంది. దీనికి నిప్పు అంటుకునే గుణం ఉంది కాబట్టి వెల్డింగ్ పనులన్నీ ముగిశాకే ఎక్కించాలి.

వేడి గాలి పైకి లేస్తుంది. రిడ్జి దగ్గర అది బయటికి పోయే దారి, చూరు కింద చల్లగాలి లోపలికి వచ్చే దారి రెండూ ఉంటేనే గాలి కదులుతుంది. కింద దారి లేకుండా పైన గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్లు ఎన్ని తిరిగినా చూడముచ్చటే.

గట్టరు ఎంత పెద్దది కావాలి?

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద గంటకు వంద మిల్లీమీటర్ల వాన కురిస్తే నిమిషానికి 155 లీటర్లు దిగుతాయి. గట్టరు, గొట్టాలు కలిసి ఆ వేగంతో వదిలించుకోగలగాలి. ఆకులు పడే చోట ఒకటికి రెండు గొట్టాలు పెట్టండి. రెండు షెడ్ల మధ్య లోపలి గట్టరు వస్తే దాన్ని రేకు కంటే మందమైన లోహంతో, అడుగు వెడల్పుతో చేయించండి. బయటి గట్టరు పొంగితే నీళ్లు బయట పడతాయి. ఇది పొంగితే సరుకు మీద పడతాయి.

రేకును గ్రైండరుతో కోయవచ్చా?

కోయవద్దు. గ్రైండరు వేడికి అంచున పూత కాలిపోతుంది, రంగు ఉబ్బుతుంది. ఎగిరిన నిప్పురవ్వలు పక్క రేకుల మీద అంటుకొని రెండు వానలకు తుప్పు చుక్కలుగా మారతాయి. కొత్త కప్పు మీద నెలలోపే గోధుమ రంగు మచ్చలు కనిపిస్తే చాలావరకు కారణం ఇదే. కత్తెర, నిబ్లర్ (వేడి లేకుండా రేకును కొరికి కోసే పరికరం) వాడాలి. డ్రిల్లు చేసినప్పుడు రాలే ఇనుప రజను కూడా ఏ రోజుకారోజు మెత్తని చీపురుతో ఊడ్చేయాలి.

పని ఆలస్యమైంది, రేకులు నెల రోజులుగా బయటే ఉన్నాయి. తెల్లగా మరకలు వచ్చాయి.

ఒకదాని మీద ఒకటి పేర్చిన రేకుల మధ్య తడి చేరితే గాలి ఆడక పూత తెల్లటి పొడిగా మారుతుంది. తేలికగా ఉంటే ఆరబెట్టి తుడిస్తే చాలు. నల్లబడితే పూత పోయినట్టే. దించిన రోజే కట్టెల మీద, ఒక చివర ఎత్తుగా పెట్టి, పైన టార్పాలిన్ కప్పి పక్కలు గాలికి వదలాలి. మూటలా బిగించి కప్పితే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

కప్పు కారుతోంది. మొత్తం మీద వాటర్‌ప్రూఫ్ కోటింగు వేయించాలా?

ముందు చోటు కనిపెట్టండి. చుక్క పడేచోట రంధ్రం ఉండదు. నీరు రేకు వెనుక వాలు వెంట పారి, పర్లిన్ తగిలినచోట రాలుతుంది. కాబట్టి చుక్క నుంచి పైకి, రిడ్జి వైపు వెతకాలి. ఒకరు లోపల నిలబడి, మరొకరు పైన పైపుతో చూరు నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి తడుపుతూ పోతే దొరుకుతుంది. దొరికేవి తరచూ ఈ నాలుగే: వంకరగా దిగిన స్క్రూ, రిడ్జి కింద నురుగు పట్టీ లేకపోవడం, గోడకు రేకు ఆనే చోట ఫ్లాషింగు గోడలోకి దిగకపోవడం, తక్కువ వాలులో నిలువు అతుకు.

సిలికాన్ వాడితే పులుపు వాసన రాని న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. వెనిగర్ వాసన వచ్చేది పూతను తింటుంది. తారు పూయవద్దు, దాని కింద తడి చిక్కి తుప్పు కనబడకుండా పెరుగుతుంది.

రేకుల కప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టవచ్చా?

పెట్టవచ్చు. ప్యానెళ్లు చదరపు మీటరుకు 11 నుంచి 13 కిలోలు బరువు వేస్తాయి, వాటికి పట్టే గాలి వేరు. క్లాంపులు పర్లిన్‌లోకి దిగాలి, రేకును మాత్రమే పట్టుకొని ఉండకూడదు. ట్రస్సు ఈ అదనపు బరువుకు లెక్కించి ఉందో లేదో ముందే ఇంజనీరుతో చూపించండి. ఇంకో మాట, ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి. వాటి కింద 0.35 రేకు అంతకాలం ఉండదు.

పాత సిమెంటు రేకులు తీసి ఇవి వేయాలి. వాటినే పగలగొట్టి పునాదిలో పోయవచ్చా?

వద్దు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. పగిలినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తరువాత కూడా జబ్బు బయటపడవచ్చు. నీటితో తడిపి, బోల్టులు కోసి, పగలకుండా పూర్తి రేకును దించాలి. పనివారికి ఆస్బెస్టాస్ దుమ్మును ఆపే పీ100 రకం మాస్కులు ఇవ్వండి. పిల్లలను ఆ రోజు అక్కడ ఉంచవద్దు. ముక్కలను మందమైన పాలిథిన్‌లో చుట్టి, ఎక్కడ వదలాలో మున్సిపాలిటీని అడగండి. వాటి మీదే కొత్త రేకు వేసేద్దామనే సలహా వస్తుంది. పాత బోల్టుల పట్టు ఎలా ఉందో చూడకుండా అలా చేయవద్దు.

మేడ మీద షెడ్డుకు అనుమతి కావాలా?

నాలుగు స్తంభాల నీడకూ, గోడలు పెట్టి గదిగా మార్చినదానికీ నిబంధనలు ఒకటి కావు. ఫాబ్రికేటరు (షెడ్డు చేసి బిగించే కాంట్రాక్టరు) ‘అందరూ వేస్తున్నారు’ అంటాడు. నోటీసు మాత్రం అతని పేరున రాదు. టౌన్ ప్లానింగ్ విభాగంలో ముందే అడిగి కాగితం మీద తీసుకోండి.

పనిరోజు ఇంటివారు చూసుకోవాల్సినవి ఏమిటి?

అన్నింటికంటే ముందు కరెంటు తీగలు. పదిహేడు అడుగుల రేకును నిలువుగా పైకి అందిస్తుంటే మేడ పక్కనుంచి పోయే తీగకు తగలడం ఎంతోసేపు పట్టదు. తీగ దగ్గరగా ఉంటే విద్యుత్ శాఖకు రాసి ఆ రోజు లైను ఆపించాలి, అది కుదరకపోతే పని ఆపాలి. గాలి ఎక్కువగా ఉన్న మధ్యాహ్నం రేకులు ఎత్తనివ్వకండి. ఉదయం పూట మంచిది, రేకు కాగదు కూడా.

పైకి ఎక్కినవారికి ఒంటికంతా పట్టే సేఫ్టీ బెల్టు (హార్నెస్), తాడు ఉండాలి. అడుగు ఎప్పుడూ స్క్రూల వరుస వెంట, అంటే పర్లిన్ మీద పడాలి. వెలుతురు కోసం మధ్యలో వేసే ఫైబరు, పాలికార్బొనేటు రేకుల మీద ఎవరూ కాలు పెట్టకూడదు. దుమ్ము పట్టాక అవి మిగతా రేకుల్లాగే కనిపిస్తాయి. వాటి చుట్టూ ఎర్ర రంగు గీత గీయించండి. మరో పదేళ్లకు ఎక్కే మెకానిక్కుకు అది పనికొస్తుంది.

బిల్లులో ఏమేమి రాయించుకోవాలి?

కంపెనీ పేరు, ఉక్కు మందం, మొత్తం మందం, పూత రకం, గ్రాములు, రంగు రకం, ఉక్కు బలం, రేకుల సంఖ్య, బరువు. వారంటీ కాగితం మీద షెడ్డు చిరునామా, సముద్రానికి దూరం, వాడుక రాయించండి. రంగు వెలవడానికీ, రేకుకు చిల్లు పడడానికీ వేర్వేరు గడువులు ఉంటాయి. అమ్మేవారు చెప్పేది ఎప్పుడూ వాటిలో పెద్ద అంకె. బిగింపు పనికి కంపెనీ బాధ్యత వహించదు కాబట్టి, కనీసం రెండు వానాకాలాలు కారితే ఉచితంగా సరిచేస్తానని ఫాబ్రికేటరుతో వేరుగా రాయించుకోండి. చివరి పది శాతం డబ్బును మొదటి పెద్ద వాన కురిసి కప్పు పొడిగా ఉందని చూశాక ఇస్తానని పని మొదలవకముందే చెప్పేయండి.